పింఛను సొమ్ము ఏ పొలానికి పారుతోంది?

భవిష్య నిధి పాస్‌బుక్‌లో నెల నెలా మూడు అంకెలు కనిపిస్తాయి: ఉద్యోగి వాటా, యజమాని వాటా, పింఛను వాటా. ఆ డబ్బు తరువాత ఎటు వెళ్లిందో చెప్పే గడి అందులో లేదు. అందుకే పీఎఫ్ అంటే ప్రభుత్వం తన పెట్టెలో దాచిపెట్టిన నగదు అన్న అపోహ ఇంకా పోలేదు. 2015 ఆగస్టు నుంచి ఉద్యోగుల భవిష్య నిధి సంస్థ కొత్తగా జమయ్యే సొమ్ములో కొంత షేర్లలో పెడుతోంది. మొదట 5 శాతం, తరువాత 10, 2017 నుంచి 15 శాతం దాకా. ఆ కొనుగోలు ప్రధానంగా నిఫ్టీ 50, సెన్సెక్స్ సూచీలను అనుసరించే ఫండ్లు, అంటే ఈటీఎఫ్‌ల ద్వారా జరుగుతుంది. నిఫ్టీ 50లో సిగరెట్లు తయారుచేసే ఐటీసీ ఉంది, కోల్ ఇండియా ఉంది, ఓఎన్‌జీసీ, ఎన్‌టీపీసీ ఉన్నాయి. జన్మలో సిగరెట్ ముట్టని మనిషి కూడా తన జీతంలోంచి ఆ వ్యాపారంలో చిన్న వాటా కొంటూనే ఉన్నాడు.

ఈ ఏర్పాటు ఊరి చెరువు లాంటిది. వాగులన్నీ చెరువులో కలిశాక ఏ నీరు ఎవరిదో తెలియదు. తూము ఎత్తి ఏ మడికి ఎంత వదలాలో చూసేవాణ్ని తెలంగాణలో నీరటి అంటారు, సీమలో నీరుగంటి అంటారు. పీఎఫ్ చెరువులో నీళ్లు పోయడం తప్పనిసరి, నీరటిని ఎంచుకునే వీలు లేదు. 2009 మే 1 నుంచి పౌరులందరికీ తెరిచిన జాతీయ పింఛను పథకం (ఎన్‌పీఎస్) కొంత నయం. అందులో పింఛను ఫండ్‌ను, అంటే నీరటిని, చందాదారే ఎంచుకుంటాడు. నచ్చకపోతే ఆర్థిక సంవత్సరానికి ఒకసారి మార్చుకోవచ్చు. యాక్టివ్ చాయిస్ తీసుకుంటే షేర్ల కాలువకు ఎంత, కార్పొరేట్ బాండ్ల కాలువకు ఎంత, ప్రభుత్వ సెక్యూరిటీల కాలువకు ఎంత అన్నదీ తనే చెప్పవచ్చు. కాలువ దిగువన ఫలానా మడికి నీళ్లు వదలొద్దని చెప్పే హక్కు మాత్రం లేదు. ఆ హక్కు కావాలంటే చెరువు వదిలి సొంత బావి తవ్వుకోవాలి. విశ్రాంత జీవితం కోసం విడిగా నడిపే మ్యూచువల్ ఫండ్ సిప్ (నెలనెలా పెట్టే పొదుపు), నేరుగా కొన్న బాండ్లు అలాంటి బావులు. విలువలకు తగ్గట్టు పొదుపును మలుచుకోవడమనే పని దాదాపు అంతా ఈ బావుల దగ్గరే జరుగుతుంది.

బావి తవ్వబోయేవారికి మొదట ఎదురయ్యే మాట ఈఎస్‌జీ. పర్యావరణం, సమాజం, పాలన అనే మూడింటిలో కంపెనీ తీరును కొలిచే పద్ధతికి అది పొట్టి పేరు. ఎక్కువ మంది పొరపడేది ఇక్కడే. ఈఎస్‌జీ మార్కు ఎక్కువ వస్తే అది మంచి కంపెనీ అని అర్థం చేసుకుంటారు. పేరున్న రేటింగ్ సంస్థలు చాలావరకు అడిగే ప్రశ్న వేరు. పర్యావరణ, సామాజిక చిక్కుల వల్ల ఈ కంపెనీ లాభాలకు ఎంత ముప్పు, ఆ ముప్పును అది ఎంత నేర్పుగా కాచుకుంటోంది అని అవి చూస్తాయి. పొదుపు చేసేవాడు అడగదలచింది దానికి తిరగేసిన ప్రశ్న: ఈ కంపెనీ వల్ల లోకానికి ఎంత ముప్పు?

రెండు ప్రశ్నలకూ మధ్య దూరం ఎంతో ఐటీసీని దగ్గరగా చూస్తే తెలుస్తుంది. ప్రకాశం జిల్లాలో టంగుటూరు, కొండపి వేలం కేంద్రాలకు బేళ్లు చేరే కాలంలో ఊళ్లోకి అడుగుపెడుతూనే పచ్చి ఘాటు ముక్కుకు తగులుతుంది. బ్యారన్‌లో కర్రలకు గుచ్చి వేలాడదీసిన ఆకును రాత్రింబవళ్లు కట్టెల మంట వేడి మీద బంగారు రంగుకు తెస్తారు. ఆ ఆకును దశాబ్దాలుగా కొంటున్న పెద్ద కొనుగోలుదారుల్లో ఐటీసీ ఒకటి. 1910లో ఇంపీరియల్ టొబాకో పేరుతో పుట్టిన ఆ కంపెనీకి ఈనాటికీ లాభాల్లో సింహభాగం సిగరెట్లదే. అదే కంపెనీ తాను వాడేదానికంటే ఎక్కువ నీటిని భూమికి చేరుస్తున్నానని, వదిలేదానికంటే ఎక్కువ కర్బనాన్ని పీల్చుకునే చెట్లు పెంచుతున్నానని ఏళ్ల తరబడి లెక్కలు చూపుతోంది. రేటింగ్ సంస్థ ఎంఎస్‌సీఐ దానికి వరుసగా కొన్నేళ్లు ‘ఏఏ’ అనే మేలిమి రేటింగ్ ఇచ్చింది. చెట్లు అబద్ధం కాదు, రేటింగూ అబద్ధం కాదు. పొగాకు వల్ల భారతదేశంలో ఏటా సుమారు 13.5 లక్షల మంది చనిపోతున్నారన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా కూడా అబద్ధం కాదు. మార్కు ఒక్కటే చూసినవాడికి ఈ చివరి సంగతి కనిపించదు.

పైగా మార్కులు వేసేవారికే పొత్తు కుదరదు. ఆరు రేటింగ్ సంస్థల అంకెలను పోల్చి 2022లో బెర్గ్, కోల్‌బెల్, రిగోబాన్ ప్రచురించిన పరిశోధనలో వాటి మధ్య సగటు సహసంబంధం 0.54 మాత్రమే. అందరూ ఒకే మాట చెబితే అది 1 కావాలి. ఒకే జాతకాన్ని ఇద్దరు జ్యోతిష్కులు రెండు రకాలుగా చెప్పినా ఇద్దరికీ దక్షిణ ఇచ్చి వచ్చే అలవాటు ఇళ్లలో చాలదా? పదవీ విరమణ సొమ్ము దగ్గరకూ దాన్ని తేవాల్సిన పని లేదు.

కనుక చూడాల్సింది మార్కు కాదు, మినహాయింపుల జాబితా. నిఫ్టీ100 ఈఎస్‌జీ సూచీ పొగాకు, మద్యం, జూదం, వివాదాస్పద ఆయుధాల కంపెనీలను మార్కులతో పని లేకుండా ముందే తీసేస్తుంది. 1996లో మొదలైన టాటా ఎథికల్ ఫండ్ ఇస్లామిక్ సూత్రాలను పాటిస్తూ మద్యం, పొగాకుతో పాటు వడ్డీ వ్యాపారం చేసే బ్యాంకులనూ పక్కన పెడుతుంది. ఆ సూత్రాల్లో చమురుకు నిషేధం లేదు. బొగ్గు, చమురు వద్దనుకునే హిందువు గానీ క్రైస్తవుడు గానీ ‘ఎథికల్’ అన్న పేరు చూసి అందులో చేరితే తన పట్టింపు తీరదు. ప్రతి జాబితా వెనకా ఎవరో ఒకరి విలువలు ఉంటాయి, అవి తనవేనా అని చూసుకోవడం చేరేవాడి పని.

2023 జులైలో సెబీ ఈఎస్‌జీ ఫండ్లకు ఆరు వ్యూహాలు నిర్ణయించింది. కొన్నిటిని మినహాయించడం, ఉన్నవాటిలో మేలైనవి ఏరుకోవడం, మారుతున్న కంపెనీలకు ఊతమివ్వడం లాంటివి అందులో ఉన్నాయి. ఏ వ్యూహమో ఫండ్ పేరులోనే కనిపించాలి, కనీసం 80 శాతం సొమ్ము దాని ప్రకారమే పెట్టాలి. పేరు చదివాక నెలవారీ ఫ్యాక్ట్‌షీట్ తెరిచి పెట్టుబడుల పట్టికను పైనుంచి కిందికి ఒకసారి చదవాలి. పది నిమిషాల పని అది. చాలా ఈఎస్‌జీ ఫండ్లలో పై వరుసలు పెద్ద బ్యాంకులు, ఐటీ కంపెనీలతో నిండి ఉంటాయి. సౌర విద్యుత్తు ఉంటుందని ఆశపడి వచ్చినవారు నిరాశపడేది అక్కడే.

నచ్చని కంపెనీ షేర్లను వదులుకోవడం వల్ల ఆ కంపెనీకి ఏమవుతుంది? స్టాక్ మార్కెట్లో షేరు కొంటే ఆ డబ్బు కంపెనీకి కాదు, అమ్మినవాడికి పోతుంది. అంగట్లో పాత ట్రాక్టర్ కొంటే తయారు చేసిన కంపెనీకి పైసా ముట్టనట్టే. ఒకడు మడి వదిలేస్తే పక్కవాడు కౌలుకు తీసుకుంటాడు, పైరు ఆగదు. కొత్త షేర్లు, కొత్త బాండ్లు కొన్నప్పుడే డబ్బు నేరుగా పనికి చేరుతుంది. అలాగని షేరు ఉంచుకున్నవాడు చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు, అతనికి ఓటుంటుంది. 2022 ఏప్రిల్ నుంచి మ్యూచువల్ ఫండ్లు తమకు వాటా ఉన్న కంపెనీల తీర్మానాలన్నిటి మీదా ఓటు వేయాలి, ఎటు వేశారో, ఎందుకు వేశారో బయటపెట్టాలి. ఈఎస్‌జీ ఫండ్ నిజాయతీని తూచడానికి ఆ ఓట్ల పట్టికకు మించిన తక్కెడ లేదు.

నేరుగా పనికి చేరే డబ్బుకు మంచి ఉదాహరణ ప్రభుత్వ గ్రీన్ బాండ్లు. 2023 జనవరి 25న తొలిసారి రూ.8,000 కోట్లకు వేలం వేశారు. ఈ సొమ్మును పునరుత్పాదక విద్యుత్తు, శుద్ధ రవాణా వంటి వాటికే వాడాలి, శిలాజ ఇంధనాలకు, అణు విద్యుత్తుకు, 25 మెగావాట్లు మించిన జల విద్యుత్తుకు వాడకూడదు. 2021 నవంబరులో మొదలైన ఆర్‌బీఐ రిటైల్ డైరెక్ట్ ఖాతా ఉంటే సామాన్యుడూ వేలంలో పాల్గొనవచ్చు.

ఇక ఖర్చు. నెలకు రూ.10,000 చొప్పున 30 ఏళ్లు, ఏటా 10 శాతం రాబడితో పెడితే సుమారు రూ.2.26 కోట్లు చేతికొస్తాయి. ఫండ్ రుసుము ఒక్క శాతం ఎక్కువై రాబడి 9 శాతానికి తగ్గితే రూ.1.83 కోట్లే. పచ్చ పేరు కోసం రూ.43 లక్షలు పోయినట్టు. కాబట్టి రెండు ఫండ్ల మినహాయింపులు ఒకటే అయితే రుసుము తక్కువ ఉన్నదే సరైనది, మధ్యవర్తి కమీషన్ లేని డైరెక్ట్ ప్లాన్ ఇంకా మేలు.

ఉన్న ఫండ్‌ను ఒక్కసారిగా అమ్మి మారడమూ ఖర్చే. ఏడాది దాటిన ఈక్విటీ ఫండ్ల మీద ఆర్థిక సంవత్సరంలో రూ.1.25 లక్షలు మించిన లాభానికి 12.5 శాతం పన్ను పడుతుంది. పాత సిప్ ఆపి కొత్తది కొత్త ఫండ్‌లో మొదలుపెట్టి, పాతదాన్ని ఏటా ఆ పరిమితి లోపల కొంచెం కొంచెం అమ్ముకుంటూ వస్తే పన్ను లేకుండానే మారవచ్చు. ఎన్‌పీఎస్‌లో ఫండ్ మార్చినా, కాలువల వాటాలు మార్చినా పన్ను లేదు.