ఓడ జాబితా - ఊరి చిట్టా

మన ఇండ్లలో వృద్ధులను “మనమెక్కడివారము?” అని అడిగినచో తరచుగా వచ్చు జవాబు ఒక్కటే. ఉత్తరాదిన ఒక నది ఒడ్డున ఉంటిమనియు, ఆడపిల్ల మానము కాపాడుకొనుటకు రాత్రికి రాత్రి బయలుదేరితిమనియు, వెంట తరుమువారికి చిక్కకుండ ఒక చెట్టు ఏటి మీదికి వంగి దారి యిచ్చినదనియు చెప్పుదురు. కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్ ప్రాంతముల తెలుగు కుటుంబములలో, పెద్ద తరమువారిలో ఈ కథ విననివారు అరుదు. ఏ నది, ఏ ఊరు, ఏ సంవత్సరము అని మరల అడిగినచో అవ్వ నవ్వి ఊరకుండును.

కాగితములలోనైనను జవాబు దొరకునా యని మేము కొంత వెదకితిమి. ఆ వెదకుటలో తెలిసిన సంగతులు మన కుటుంబములకు పనికివచ్చునని ఇక్కడ వ్రాయుచున్నాము.

మొదట ఒక వింత చెప్పవలెను. ఓడలెక్కి దేశము విడిచిన తెలుగువారి వివరములు, ఈ నేల మీదనే నిలిచిన మన వివరములకంటె తేటగా ఉన్నవి. 1860 అక్టోబరు 12న మదరాసులో బయలుదేరిన ‘ట్రూరో’ అను ఓడ 342 మందితో నవంబరు 16న నేటాల్ దేశపు రేవు చేరినది. 1911 వరకు హిందూదేశమునుండి ఆ దేశమునకు ఒప్పంద కూలీలుగా పోయినవారు 1,52,184 మంది. ఒక్కొక్కరికి ఒక సంఖ్య యిచ్చి, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది గుర్తులు సైతము ఓడ జాబితాలో వ్రాసికొనిరి. మారిషస్ దీవికి పోయినవారి కాగితములు అక్కడి మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రముగా ఉన్నవి. ఫిజీకి మదరాసు ఓడలు 1903 నుండి నడిచినవి. ఆ దేశములలోని వారు ఒక్క సంఖ్యను పట్టుకొని తాత తండ్రుల ఊరిదాక రాగలుగుచున్నారు.

మన పూర్వులు ఓడ ఎక్కలేదు. విజయనగర రాజుల కాలమునను, ఆ తరువాత 1736 వరకు సాగిన మధుర నాయకుల కాలమునను గుంపులు గుంపులుగా నేల మీదనే నడిచి వచ్చిరి. అడవి కొట్టి, ఈ నల్లరేగడిని పత్తికి, కంబుకు, జొన్నకు తెచ్చిరి. వారి పేరు వ్రాసికొనుటకు రేవులో దొర యెవడును లేడు. కాబట్టి మనకు ఓడ జాబితా వంటిది ఊరి చిట్టాయే.

దానిని వెదకువారు ముందుగా తమ ఊరు సర్కారు గ్రామమా, జమీను గ్రామమా తెలిసికొనవలెను. పాంచాలంకురిచ్చి కోట 1799లోను మరల 1801లోను కుంపెనీవారి చేతికి చిక్కిన పిమ్మట, 1803లో మిగిలిన పాళెగాండ్రు శాశ్వత సన్నదులు పుచ్చుకొని జమీందారులైరి. ఎట్టయపురము అట్టిది. జమీను గ్రామములలో రైతుల లెక్క జమీను కచ్చేరిలో ఉండెడిది. 1948 చట్టముతో జమీనులు రద్దయిన తరువాతనే అక్కడ సర్కారు సర్వేయు, సెటిల్మెంటును జరిగి రైతువారీ పట్టాలు వచ్చినవి. సర్కారు గ్రామములలోనైతే గత శతాబ్దమునకు ముందటి సెటిల్మెంటు రిజిస్టర్లు దొరకవచ్చును. వానిలో సర్వే నంబరు, నేల తరము, తీరువ, పట్టాదారు పేరు కనబడును. ఇనాము భూమి గల కుటుంబములు మరింత అదృష్టవంతులు. 1858లో ఏర్పడిన ఇనాము కమీషను, ఆ భూమి ఎవరు ఎవరికి ఇచ్చిరో, తరువాత ఎవరెవరు అనుభవించిరో విచారించి వ్రాయించినది. మదరాసు రాజధానిలో జనన మరణముల నమోదునకు 1899లో చట్టము వచ్చినది.

మరియొక చిక్కు జిల్లా పేరు. 1910లో రామనాథపురము జిల్లా ఏర్పడువరకు సాత్తూరు, శ్రీవిల్లిపుత్తూరు తాలూకాలు తిరునెల్వేలి జిల్లాలోనివి. నేటి విరుదునగర్ నాడు సాత్తూరు తాలూకాలోని విరుదుపట్టి. 1985లో ఈ భాగము వేరు జిల్లా అయినది. మరుసటి సంవత్సరము కోవిల్‌పట్టి, తూత్తుకుడి జిల్లాలో చేరినది. కాబట్టి 1900 నాటి కాగితమునకై ‘విరుదునగర్ జిల్లా’ అని అడిగినచో గుమాస్తా లేదనును. ‘తిరునెల్వేలి’ అని అడుగవలెను. చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లోను ఇదే తీరు.

ఇంతకంటె వెనుకకు పోవలెనన్న కర్నల్ మెకంజీ సేకరించిన కైఫీయతులు కలవు. పాళెగాండ్ర వంశావళులు అందులో అనేకము. ఎట్టయపురపు ప్రభువులు చంద్రగిరినుండి వచ్చిరని చెప్పు ‘వంశమణి దీపికై’ 1879లో అచ్చయినది. కాని ఇవి ప్రభువుల కథలు. నాగలి పట్టినవాని ఇల్లు వానిలో కనబడదు. ఆ లోటు తీర్చినవారు కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్ వాస్తవ్యులైన కి. రాజనారాయణన్ గారు. తెలుగు ఇంట పుట్టి, తమిళమున వ్రాసి, ఇంటి పెద్దల నోటి మాటనే ‘గోపల్ల గ్రామము’ నవలగా మలచిరి. దాని తరువాతి నవలకు 1991లో సాహిత్య అకాడమి బహుమానము వచ్చినది.

ఇక అసలు సంగతి. చిట్టాలో తండ్రి పేరు ఉండును, కులము పేరు ఉండును. ఇంటిపేరు మాత్రము సాధారణముగా ఉండదు. ఈ నాట మనము తండ్రి పేరులోని మొదటి అక్షరముతో సరిపెట్టుకొనుట అలవాటైనది. ఇంటిపేరు పెండ్లి మాటల నాడు మాత్రమే పైకి వచ్చును. ఆంధ్రదేశములోని ఏ ఊరితోనైనను మన ఇంటిని కలుపగల దారము అదొక్కటే. అది కాగితములో లేదు, అవ్వ నాలుక మీద ఉన్నది.

ఈ విషయమున మా యింటి తప్పు దాచుకొనము. ఆయుధపూజకు ఇల్లు దులుపునాడు అటక మీది పాత పెట్టెలో ఒక తాటాకు కట్టయు, మాసిన పట్టాలును కనబడినవి. చదువ తెలిసినవారు లేరు. పురుగు పట్టినదని తాటాకులు పొయ్యిలో పెట్టితిమి, కాగితములు పాత కాగితముల వర్తకునికి ఇచ్చితిమి. ఆనాడు మూలనున్న అవ్వ “అందులో మీ ముత్తాత చేవ్రాలు ఉన్నదిరా” అన్నది. మేము వినిపించుకొనలేదు. నేడు అడుగుదమన్న ఆమె లేదు.

కాబట్టి మా మనవి యిది. ఒక నోటుబుక్కు కొనుడు. ఇంటిపేరు, గోత్రము, కులదైవము గుడి ఉన్న ఊరు, పిల్లనిచ్చి పుచ్చుకొన్న ఇండ్ల ఇంటిపేర్లు, తెలిసినంతవరకు తాతల పేర్లు, వారు విడిచి వచ్చిన ఊళ్లు: ఇవి పెద్దలను అడిగి వ్రాయుడు. తెలుగు వ్రాయరానివారు తమిళ అక్షరములలోనే వ్రాయుడు. మాట నిలిచిన చాలును. చిట్టాలు కచ్చేరిలో మరి కొన్నాళ్లు ఉండును, ఎప్పుడైనను చూడవచ్చును. అవ్వను మాత్రము ఈ ఆదివారమే పోయి అడుగుడు.