మంచు ఊసు లేని స్కీయింగ్ యంత్రం

తెలుగువాళ్లకి కప్పు కింద మంచు అంటే హైదరాబాద్ స్నో వరల్డే. 2004లో ఇందిరా పార్కు దగ్గర తెరిచారు. లోపల మైనస్ 5 డిగ్రీలు. కోట్లు తొడుక్కుని పిల్లలు కాసేపు దొర్లి, ముక్కులు ఎర్రబడి బయటికొస్తారు. స్కీయింగ్‌కి అది చాలదు. దానికి వాలు కావాలి, ఆ వాలు మీద బరువుని ఒక కాలి నుంచి ఇంకో కాలికి మార్చే ఒడుపు కావాలి. ఆ ఒడుపు ఒక్కటీ నేర్పడానికి మంచెందుకు అనుకున్నవాళ్లు చేసిందే స్కీ సిమ్యులేటర్.

కప్పు కిందే స్కీయింగ్ అనే పిచ్చి మాత్రం ఇంకా పాతది. 1927 నవంబరులో వియన్నాలో, రైళ్లు ఆగిపోయిన ఓ స్టేషన్ హాల్లో చెక్కతో కొండ కట్టి, జేమ్స్ ఐస్కాఫ్ అనే ఆంగ్లేయుడు తయారుచేసిన నకిలీ మంచు పరిచారు. అందులో ముఖ్య సరుకు బట్టల సోడా! దాని మీద జనం జారారు, గెంతారు. కొన్ని నెలలకే మూతపడింది. బోర్లాపడ్డవాళ్ల కళ్ల సంగతి వేరే చెప్పాలా?

సిమ్యులేటర్‌లో ఆ తంటా లేదు. మధ్యలో ఎత్తుగా, రెండు చివర్లా పల్లంగా వంచిన జంట ఉక్కు పట్టాలు. వాటి మీద చక్రాల బల్ల, పైన రెండు పాదాలకీ చోటు. గట్టి రబ్బరు పట్టీలు బల్లని ఎప్పుడూ మధ్యకే గుంజుతుంటాయి. కుడికి తోస్తే బల్ల కుడికి దిగుతుంది, రబ్బరు వెనక్కి లాగుతుంది. మధ్య దాటాక ఎడమకి తోయాలి. తొందరపడి ముందే తోశామా, ఊపు చచ్చిపోతుంది.

స్కీయర్ల కోసం పుట్టిన ఈ బల్లకి 1980లలో రెండో జీవితం మొదలైంది. మనిషి కొత్త పని ఎలా నేర్చుకుంటాడో చూడాలనుకున్న ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులకి, పెద్దవాళ్లెవరూ అంతకుముందు చేయని పని ఒకటి కావలసి వచ్చింది. ఆ లెక్కన మా ఆగిరిపల్లి మామిడి తోటల్లోంచి ఒకణ్ణి పట్టుకెళ్లినా సరిపోయేది. అక్కడి శోభనాచలం కొండ మెట్లెక్కిన కాళ్లకి మంచు వాలు ఏం తెలుసు?

1992లో అక్కడి ఫెరైకెన్ బృందం బల్ల ఎక్కినవాళ్ల చీలమండలు, మోకాళ్లు, తుంటి కదలికలు కొలిచింది. మొదట్లో కీళ్లన్నీ బిగుసుకుపోయి, ఒంట్లో ఒకదానికొకటి అతికించినట్టే కదిలాయి. కొత్తగా సైకిలెక్కినవాడు భుజాలు బిగబట్టి హ్యాండిల్ని పిసికినట్టు. రోజులు గడిచేకొద్దీ ఒక్కో కీలూ విడివడింది. సోవియట్ శాస్త్రజ్ఞుడు నికొలాయ్ బెర్న్‌స్టైన్ ఈ మాట ఎప్పుడో అన్నాడు: ఇన్ని కీళ్లని ఒకేసారి అదుపు చేయలేక మెదడు ముందు కొన్నిటికి తాళం వేస్తుందని.

నన్ను బాగా ఆశ్చర్యపరిచింది మాత్రం 1998 నాటి ప్రయోగం. గాబ్రియెలె వుల్ఫ్, మరో ఇద్దరూ కొందరికి ‘పాదంతో తోయండి’ అన్నారు, ఇంకొందరికి ‘చక్రాల్ని తోయండి’ అన్నారు. ఆ చక్రాలున్నది సరిగ్గా పాదాల కిందే. అయినా చక్రాల మీద మనసు పెట్టినవాళ్ల ఊపే పెద్దదైంది. మూడో రోజు ఏ సూచనా ఇవ్వకుండా పరీక్షిస్తే తేడా అలాగే ఉంది. పాదం గురించి ఆలోచించినవాళ్లు, అసలేమీ చెప్పించుకోని మూడో గుంపు కన్నా మెరుగ్గా చేసిందేమీ లేదు. ‘మోకాలు వంచు, చెయ్యి ఎత్తు’ అని అరిచే మన డ్రిల్లు మాస్టార్లు దీన్ని చదివితే బాగుండు.

ఇంకో రకం సిమ్యులేటర్ ఉంది. వాలుగా ఉన్న వెడల్పాటి తివాచీ పైకి తిరుగుతుంటే, నిజం స్కీలు కట్టుకున్న మనిషి జారుతూ ఉన్నచోటే ఉంటాడు. తివాచీ వేగం మారనంతసేపు భౌతికశాస్త్రానికి ఇదీ కొండ దిగడమూ ఒకటే. మొహానికి గాలి కొట్టదు, రాపిడి మంచు కన్నా ఎక్కువ, అంతే.

పట్టాల బల్లకీ ఒక లోటుంది. మంచు మీద నేర్పే తొలి పాఠాల్లో ఒకటి ఆగడం: స్కీల ముందు కొసలు దగ్గరికి చేర్చి, మడమలు ఎడంగా తోయడం. బల్ల మీద పాదాలు పక్కపక్కనే ఉండిపోతాయి, తోయడం మానేస్తే రబ్బరే దాన్ని మధ్యలో ఆపేస్తుంది. ఆ పాఠానికి తివాచీ ఎక్కాల్సిందే.