మంట పుడితేనే మందా?

దుబ్బాకలాంటి ఊళ్ల కటింగ్ షాపుల్లో గడ్డం గీశాక పటిక రుద్దడమో, చవక ఆఫ్టర్‌షేవ్ పూయడమో మామూలే. చుర్రుమంటే క్రిములు చచ్చాయని నమ్మకం. నిజానికి ఆ మంట మన నరాలది. వేడిని పసిగట్టే నరాల గ్రాహకం మామూలుగా 42 డిగ్రీల సెల్సియస్ దగ్గర మేల్కొంటుంది. ఆల్కహాల్ తగిలితే సుమారు 34 డిగ్రీలకే మేల్కొంటుంది, అంటే ఒంటి వేడే నిప్పులా తోస్తుంది. పైగా ఆల్కహాల్ చర్మపు కొవ్వును కరిగించి తేమను పోనిస్తుంది.

ఈ పొడిబారడాన్ని తగ్గించడానికి ఖరీదైన సీసా అక్కర్లేదు, మెడికల్ షాపు గ్లిజరిన్ చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతుల శుభ్రతకు సూచించిన ద్రావణంలో 80 శాతం ఇథనాల్‌తోపాటు 1.45 శాతం గ్లిజరిన్ ఉంటుంది, పదేపదే రుద్దుకునే చేతులు పొడిబారకుండా. ఆ లెక్కన 100 మిల్లీలీటర్ల ఆఫ్టర్‌షేవ్‌కు ఒకటిన్నర మిల్లీలీటర్లు కలిపి ఊపితే సరి. కొబ్బరినూనె అయితే కలవదు, విడిపోతుంది. నీళ్లు పోస్తే చాలదా అనొచ్చు. ఘాటు తగ్గుతుంది, దాంతోపాటు క్రిముల్ని చంపే శక్తీ తగ్గుతుంది. గ్లిజరిన్ జిడ్డన్న మాటా నిజమే, మోతాదు మించితే. అది తేమను నిలుపుతుంది గానీ మంటను పూర్తిగా ఆర్పదు. సెంటు పడక దద్దుర్లు వచ్చేవాళ్లు మాత్రం ఏం కలిపినా లాభం లేదు, ఆ సీసా మానేయాల్సిందే.