శిశువులలో వేరుశనగ అలర్జీ: రోగనిరోధక వ్యవస్థ పాత్ర, నివారణ, చికిత్స

వేరుశనగ గింజలో దాదాపు నాలుగో వంతు మాంసకృత్తులే. తెలుగు ఇళ్లలో చట్నీకీ, పొడికీ, చిక్కీకీ ఆధారమైన ఈ గింజ కొందరు పిల్లలకు మాత్రం ప్రాణాపాయం కలిగించగలదు. అటువంటి పిల్లలను కాపాడేందుకు పాశ్చాత్య దేశాలలో తొలుత సూచించిన మార్గం వేరుశనగను పూర్తిగా దూరంగా ఉంచడం. ఆ మార్గం సరైనది కాదని తరువాతి పరిశోధనలు నిరూపించాయి.

అలర్జీ ఏర్పడే విధానం

ఆహారంలోని మాంసకృత్తులను పేగులలోని రోగనిరోధక వ్యవస్థ సాధారణంగా హానిలేనివిగా గుర్తించి సహిస్తుంది. ఈ సహనాన్ని నిలపడంలో నియంత్రక టి-కణాలది ముఖ్య పాత్ర. సహనం ఏర్పడని పిల్లలలో అరా హెచ్-2, అరా హెచ్-6 వంటి వేరుశనగ మాంసకృత్తులకు వ్యతిరేకంగా ఇమ్యునోగ్లోబులిన్-ఇ అనే ప్రతిరక్షకాలు తయారై మాస్ట్ కణాలకు అతుక్కొని ఉంటాయి. మరోసారి వేరుశనగ తిన్నప్పుడు ఈ కణాల నుండి హిస్టమిన్ తదితర రసాయనాలు ఒక్కసారిగా విడుదలవుతాయి. ఫలితంగా దద్దుర్లు, వాంతులు, ఆయాసం, తీవ్ర స్థితిలో రక్తపోటు పడిపోవడం సంభవిస్తాయి. అప్పుడు తక్షణ చికిత్స ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్. ఎంజైము లోపం వలన పాలలోని చక్కెర జీర్ణం కాకపోవడాన్ని దీనితో పొరబడరాదు.

దూరం పెట్టడం వలన జరిగినది

2000లో అమెరికా శిశువైద్యుల అకాడమీ అలర్జీ ముప్పు ఉన్న పిల్లలకు మూడేళ్లు నిండే వరకు వేరుశనగ ఇవ్వరాదని సూచించి, తగిన ఆధారాలు లేనందున 2008లో ఆ సూచనను విరమించుకున్నది. అదే ఏడాది వెలువడిన ఒక అధ్యయనంలో, శైశవం నుండే వేరుశనగ తినే ఇజ్రాయెల్ యూదు పిల్లలలో అలర్జీ 0.17 శాతం కాగా, ఆలస్యంగా తినే బ్రిటన్ యూదు పిల్లలలో 1.85 శాతంగా తేలింది.

దీనిని పరీక్షించేందుకు లండన్ కింగ్స్ కళాశాలకు చెందిన గిడియన్ లాక్ బృందం లీప్ ప్రయోగం చేపట్టింది. తీవ్రమైన ఎగ్జిమా లేదా గుడ్డు అలర్జీ గల 4 నుండి 11 నెలల లోపు శిశువులు 640 మందిని రెండు వర్గాలుగా విభజించారు. 2015లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, అయిదేళ్ల వయసుకు వేరుశనగ మానిన వర్గంలో 17.2 శాతం మందికి, క్రమంగా తిన్న వర్గంలో 3.2 శాతం మందికి మాత్రమే అలర్జీ ఏర్పడింది. దెబ్బతిన్న చర్మం ద్వారా ప్రవేశించిన మాంసకృత్తులు అలర్జీకి, నోటి ద్వారా పేగులకు చేరినవి సహనానికి దారితీస్తాయన్న సిద్ధాంతానికి ఈ ఫలితాలు బలం చేకూర్చాయి.

చికిత్స

అలర్జీ ఇప్పటికే ఉన్న పిల్లలకు వైద్యుల పర్యవేక్షణలో అతి స్వల్ప మోతాదుతో మొదలుపెట్టి క్రమంగా పెంచే నోటి ఇమ్యునోథెరపీ అందుబాటులోకి వచ్చింది. ఇందుకు వాడే వేరుశనగ పొడి ఔషధానికి 2020లో అమెరికాలో అనుమతి లభించింది. ఈ చికిత్సలో ఇమ్యునోగ్లోబులిన్-జి4 పెరిగి, పొరపాటున తిన్న కొద్దిపాటి గింజను శరీరం తట్టుకోగలుగుతుంది. అయితే ఇది శాశ్వత నివారణ కాదు. మోతాదు ఆపితే రక్షణ తగ్గిపోవచ్చు. ఇమ్యునోగ్లోబులిన్-ఇని బంధించే ఒమాలిజుమాబ్ ఇంజెక్షన్‌కు 2024లో ఆహార అలర్జీ నిమిత్తం అక్కడే అనుమతి లభించింది. ఇది అత్యవసర చికిత్సకు ప్రత్యామ్నాయం కాదు.

విస్తరణ సిబ్బందికి సూచనలు

• ఆరు నెలల ప్రాంతంలో అనుబంధాహారం మొదలుపెట్టినప్పుడు వేరుశనగను కారణం లేకుండా వాయిదా వేయవలసిన అవసరం లేదని తల్లులకు వివరించాలి.

• మెత్తని పొడిని గంజిలో గాని, జావలో గాని కలిపి ఇవ్వాలి. గింజలు గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉన్నందున పసిపిల్లలకు పెట్టరాదు.

• తీవ్రమైన ఎగ్జిమా లేదా గుడ్డు అలర్జీ గల శిశువులకు ముందుగా వైద్యుని సలహా తప్పనిసరి.

• బూజు పట్టిన గింజలలో అఫ్లాటాక్సిన్ ఉండవచ్చు. బాగా ఎండబెట్టి, ఏరిన గింజలనే వాడాలి.

• చిక్కీ, పొడులు తయారుచేసే సంఘాలు 2020 నాటి భారత ఆహార లేబులింగ్ నిబంధనల ప్రకారం ప్యాకెట్‌పై వేరుశనగ ఉన్నట్లు స్పష్టంగా ముద్రించాలి.

అలర్జీ లేని పిల్లల పళ్లెం నుండి వేరుశనగను తొలగించకుండా, అలర్జీ గల పిల్లలకు అది పొరపాటున కూడా చేరకుండా చూడడమే విస్తరణ సిబ్బంది బాధ్యత.