రామాయణంలో పిడకల వేట: ఇది దేవుణ్ణి తిట్టడమా?

మొన్న మన సంఘం సమావేశంలో ప్రార్థన జరుగుతుండగా ఒకరి ఫోను సినిమా పాటతో గట్టిగా మోగింది. వెనుక కూర్చున్న ఒక కుర్రవాడు నవ్వుతూ ఇంగ్లీషులో ఒక మోటు సామెత అన్నాడు. తెలుగులో చెప్పాలంటే "చర్చిలో పిత్తినట్టు" అని. పెద్దలకు కోపం వచ్చింది. ఒక అవ్వ మాత్రం "రామాయణంలో పిడకల వేట అంటే పోలేదా?" అన్నది. పిల్లలు "పిడక అంటే ఏమి?" అని అడిగారు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ఆ ఇంగ్లీషు మాటకు అర్థం, వేళ కాని వేళ చేసిన, ఎవరికీ గిట్టని పని అని. చర్చిలో ప్రార్థన వేళ అందరూ మౌనంగా ఉంటారు. అక్కడ చిన్న చప్పుడు కూడా పెద్దగా వినిపిస్తుంది. మన గుళ్లో గంటలు, నాదస్వరం, తవిలు మోగుతుంటే ఆ చప్పుడు ఎవరికి వినిపిస్తుంది? కాబట్టి మన సామెతలు వేరే దారిలో పుట్టాయి.

రామకథ సాగుతుంటే మధ్యలో పేడ పిడకల గొడవ తెస్తే పిడకల వేట. శ్రీరామనవమి పానకం తాగేటప్పుడు నోటికి అడ్డం పడితే పానకంలో పుడక. మన చుట్టూ ఉన్న తమిళులు "శివపూజలో కరడి" అంటారు. కరడి అంటే ఎలుగుబంటి. అది జంతువు కాదు, ఒక వాద్యమని చెప్పేవారూ ఉన్నారు.

ఇంకా మోటైనవీ ఉన్నాయి. దేవుడికి నైవేద్యం లేదంటే పూజారి పులిహోరకు ఏడ్చాడట. గుడిని మింగేవాడొకడు, గుడినీ లింగాన్నీ కలిపి మింగేవాడింకొకడు. వీటిలో దేవుడి పేరు ఉన్నా, దెబ్బ దేవుడికి కాదు. ఆకలికి, దురాశకు, గుడి సొమ్ము తినేవాడికి. గుడి పవిత్రమని నమ్మినవాడికే ఆ సామెత కుచ్చుకుంటుంది.

దేవుణ్ణే నిలదీయడం కూడా మన భక్తిలో ఉన్నదే. 17వ శతాబ్దంలో గోల్కొండ చెరలో ఉన్న భద్రాచల రామదాసు తాను చేయించిన నగలన్నీ లెక్కపెట్టి, ఎవరబ్బ సొమ్మని కులుకుతున్నావని రాముణ్ణే అడిగాడు. తర్వాత బాధకు ఓర్వలేక అన్నానని క్షమించమన్నాడు. తిట్టులాగా వినిపిస్తూ పొగడ్త అయ్యేదాన్ని నిందాస్తుతి అంటారు. అదే శతాబ్దంలో మన మదురైలో తిరుమల నాయకుని కొలువు చూసిన క్షేత్రయ్య, మువ్వగోపాలుణ్ణి మాట తప్పిన ప్రియుడిగా నాయిక నోట దెప్పించాడు. దగ్గరివాణ్ణే కదా అలా అనగలం!

అట్లని ఎక్కడైనా ఏదైనా అనవచ్చునని కాదు. రామదాసు అడిగింది తన రాముణ్ణి. ఆ కుర్రవాడు నవ్వులకు తెచ్చింది ఇంకొకరి ప్రార్థనా స్థలాన్ని. కోయంబత్తూరులో, మదురైలో మన వీధుల్లోనే చర్చిలున్నాయి, మసీదులున్నాయి. చర్చికి పోయే తెలుగు ఇళ్లూ ఉన్నాయి. వాళ్లు పక్కన ఉన్నప్పుడు ఆ మాట నవ్వు తెప్పించదు, మనసు నొప్పిస్తుంది.

కానీ తప్పంతా పిల్లలదేనా? మన ఇళ్లలో చాలామందికి చదువు తమిళంలో, ఉద్యోగం ఇంగ్లీషులో. తెలుగు అక్షరం రాకపోయినా, నాయకరాజుల కాలం నుంచి మాట నిలిచింది చెవి ద్వారానే. అవ్వ చెబితే మనం విన్నాము. మనం చెప్పకపోతే పిల్లలు ఫోనులో విన్నదే అంటారు. గ్యాసు పొయ్యి వచ్చాక పిడక పోయింది. దానితో పాటు సామెత కూడా పోవాలా?

ఈసారి ఇంట్లో ఎవరైనా మాటకు అడ్డం వస్తే "పిడకల వేట" అని ఊరుకోకండి. పిడక అంటే ఏమి, అవ్వ దాన్ని గోడకు ఎట్లా కొట్టేది, కూడా చెప్పండి. పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి. నవ్విన మాట గుర్తుంటుంది.