మబ్బు చాటు గ్రహములు

1977 మే నెలలో అమెరికాలో విడుదలయిన 'స్టార్ వార్స్' అను చలనచిత్రమును ఎరుగనివారు నేడు అరుదు. మరుసటి యేడు, 1978లో, ఆ చిత్రములోని పాత్రలనే తీసికొని ఆలన్ డీన్ ఫాస్టర్ అను రచయిత 'స్ప్లింటర్ ఆఫ్ ది మైండ్స్ ఐ' అను నవలను ప్రకటించెను. చిత్రమున కానరాని కొత్త లోకము ఇందు కలదు. కథానాయకుడు ల్యూక్, రాకుమారి లేయా తమ నౌకలు చెడిపోగా మింబన్ అను గ్రహముపై దిగవలసివచ్చును. అచట ఆకాశమునిండ మబ్బులు, నేలపై పొగమంచు, అంతటను చిత్తడి.

ఈ పొగమంచుకు లౌకికమైన కారణము ఒకటి కలదు. అవసరమైనచో తక్కువ ఖర్చుతో రెండవ చిత్రముగా తీయుటకు వీలుండవలెనని ఈ కథను ఉద్దేశించిరి. మంచు కప్పిన చోట దూరపు దృశ్యములను నిర్మింపనక్కరలేదు గదా!

అయితే మబ్బుల క్రింద తడినేల ఉండునను ఊహ నవలాకారులది మాత్రమే కాదు. శుక్రగ్రహమును దట్టమైన మబ్బులు ఎల్లప్పుడును కప్పియుండుటచే దూరదర్శినికి దాని నేల కనబడదు. ఆ మబ్బులు నీటివేయని తలచి, స్వీడను దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు అర్హీనియస్ శుక్రునిపై చిత్తడి నేలలు విస్తరించియున్నవని 20వ శతాబ్ది ఆరంభమున వ్రాసెను.

నిజమెట్లు తెలిసినది? 1932లో మౌంట్ విల్సన్ వేధశాలలో శుక్రుని కాంతిని విశ్లేషింపగా బొగ్గుపులుసు వాయువు జాడలు కానవచ్చినవి. 1956లో శుక్రుని నుండి వచ్చు రేడియో తరంగములను కొలువగా మిక్కుటమైన వేడిమి సూచితమైనది. ఆ వేడిమి పైపొరలదేమో యని కొందరు సందేహించిరి. 1962 డిసెంబరు 14న మారినర్-2 నౌక శుక్రుని చేరువగా పోవుచు, అది మబ్బుల క్రింది భాగముదేయని తేల్చినది. 1970లో వెనెరా-7 నేలపై దిగి సుమారు 475 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిని తెలిపినది. సీసము 327 డిగ్రీలకే కరగును. ఇక అచట నీరు నిలుచుటెట్లు? ఆ మబ్బులు ముఖ్యముగా గంధకికామ్లపు తుంపరలని తరువాత తెలిసినది.

శుక్రుని వాతావరణములో నూటికి 96 పాళ్లు బొగ్గుపులుసు వాయువే. నేల వెలువరించు వేడిని ఆ వాయువు పీల్చుకొని, సులభముగా బయటికి పోనీయదు. ఈ వాయువు పెరిగినచో భూమి ఎంత వేడెక్కునో 1896లో లెక్కకట్టినది అర్హీనియస్సే! తన లెక్కలోని వాయువే శుక్రుని కాల్చుచున్నదని ఆయనకు తెలియలేదు. ఆ వాయువు అచట ఎంత కలదో కొలుచు సాధనము ఆనాడు లేదు.

మింబన్ వంటి గ్రహము ఎక్కడను ఉండజాలదని దీని భావము కాదు. తగిన వేడిమి, తగిన వాయువులు ఉన్నచో తడి లోకము ఉండవచ్చును. కాని మబ్బు కనబడినంత మాత్రమున నీరున్నదని చెప్పరాదు. ఆ మబ్బు దేనితో ఏర్పడినది, దాని క్రింద వేడిమి ఎంత అని ముందు అడుగవలెను. ఇట్టి నవలలను తరగతిలో చదివించునప్పుడు విద్యార్థులచే ఈ రెండు ప్రశ్నలు వేయించినచో, కథలోని వినోదము తగ్గదు, శాస్త్రదృష్టి అలవడును.