మైనస్ గుర్తు వినిపించకపోతే

జో డెవర్ రాసిన ‘ఫ్లైట్ ఫ్రమ్ ద డార్క్’ 1984లో బ్రిటన్‌లో వెలువడింది. లోన్ వుల్ఫ్ అనే వీరుడి కథల వరుసలో అది మొదటిది. అందులో 350 భాగాలున్నాయి కానీ వరుసగా చదవడానికి వీల్లేదు. అడవి దారి పట్టాలంటే ఒక నంబరుకి, వంతెన దాటాలంటే మరో నంబరుకి వెళ్లాలి. కథానాయకుడు పాఠకుడే. ఇలాంటివాటిని గేమ్‌బుక్‌లు అంటారు. అంతకు రెండేళ్ల ముందు వచ్చిన స్టీవ్ జాక్సన్, ఇయాన్ లివింగ్‌స్టన్‌ల గేమ్‌బుక్‌లో పోరాటం పాచికల మీద నడిచేది. డెవర్ పాచికల అవసరం లేకుండా పుస్తకంలోనే పట్టికలు అచ్చువేయించాడు. తర్వాతి కాలంలో ఆయన అనుమతితోనే ప్రాజెక్ట్ ఆన్ అనే స్వచ్ఛంద బృందం ఈ పుస్తకాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా అందించింది. కథ వెబ్‌లోకి తేలిగ్గానే ఒదుగుతుంది, భాగం నంబరు లింకైపోతుంది. చిక్కంతా పట్టికల దగ్గరే.

పోరాట ఫలితాల పట్టికనే చూడండి. మీ యుద్ధ నైపుణ్యం నుంచి శత్రువుది తీసేస్తే ఒక తేడా వస్తుంది. మైనస్ 11, అంతకన్నా తక్కువ నుంచి ప్లస్ 11, అంతకన్నా ఎక్కువ దాకా ఆ తేడాలకు 13 నిలువు వరుసలు. యాదృచ్ఛికంగా ఎంచుకునే 0 నుంచి 9 దాకా అంకెలకు పది అడ్డు వరుసలు. మొత్తం 130 గడులు, ఒక్కో గడిలో శత్రువుకి పోయేదెంత, మీకు పోయేదెంత అని రెండు విలువలు. తేడా సున్నా, మీకు పడిన అంకె 1 అనుకోండి: శత్రువు 3 పాయింట్లు పోగొట్టుకుంటాడు, మీరు 5. ఒక పోరాటంలో ఈ పట్టికను మళ్లీ మళ్లీ సంప్రదించాలి.

దీన్ని స్కాన్ చేసి బొమ్మగా పెడితే పని అయిపోయినట్టే కనిపిస్తుంది. ఇక ఏ ఫార్మాట్‌లో? జేపెగ్ మాత్రం వద్దు. అది ఫొటోల కోసం పుట్టింది. బొమ్మను 8 పిక్సెళ్ల పొడవు, 8 పిక్సెళ్ల వెడల్పు ఉన్న చదరాలుగా విడగొట్టి, కంటికి పెద్దగా తెలియని సూక్ష్మ వివరాలను వదిలేస్తుంది. ఆకాశం, ముఖం లాంటి మెత్తని రంగుల మార్పుల్లో అది చెల్లుతుంది. తెల్ల కాగితం మీద నల్ల అంకె ఉన్నచోట మాత్రం అంచు చుట్టూ బూడిదరంగు మరకలు తేలతాయి. చూపు తక్కువున్నవారు పెద్దది చేసుకుంటే మరకలూ పెద్దవవుతాయి.

1987లో కంప్యూసర్వ్ తెచ్చిన గిఫ్ 256 రంగులకే పరిమితం. పట్టికకు అన్ని కూడా అక్కర్లేదు. కానీ అందులోని కుదింపు పద్ధతి మీద యూనిసిస్ సంస్థకు పేటెంట్ ఉందని 1990ల మధ్యలో గొడవ రేగింది. ఆ చిరాకులోంచే పీఎన్‌జీ పుట్టింది. ఇది ఒక్క పిక్సెల్‌నూ పోగొట్టకుండా కుదిస్తుంది, నలుపు తెలుపు పట్టికైతే ఫైలు కూడా చిన్నదే. ఒక్క జాగ్రత్త: వెనకభాగం పారదర్శకంగా వదిలేస్తే, డార్క్ మోడ్‌లో నల్ల అంకెలు నల్లటి తెరలో కలిసిపోతాయి.

2001లో ప్రమాణంగా వెలువడిన ఎస్‌వీజీది వేరే దారి. అందులో పిక్సెళ్లుండవు. ఫలానా చోట గీత, ఫలానా చోట అక్షరం అన్న వివరణే ఉంటుంది. ఎంత పెద్దది చేసినా అంచు చెదరదు, అక్షరం అక్షరంగానే మిగలగలదు. అలా మిగలాలంటే అక్షరాలను గీతలుగా మార్చకూడదు, ఎస్‌వీజీని పేజీ కోడ్‌లోనే రాయాలి. విడి బొమ్మ ఫైలుగా తగిలిస్తే లోపలి అక్షరాలు, తెర మీది పాఠాన్ని చూపులేనివారికి చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కి అందవు. అందినా, 5 అనే అంకె ఏ వరుసదో ఏ నిలువుదో అందులో రాసి ఉండదు. ఆ బంధం చూసేవారి కన్ను కట్టుకున్నదే.

నా ఉద్దేశంలో ఈ ఫార్మాట్ల పోటీ అసలు విషయాన్ని కప్పేస్తోంది. పీఎన్‌జీ ఎంత స్పష్టంగా ఉన్నా, చూపులేని పాఠకుడికి అక్కడ ‘బొమ్మ’ అన్న మాట ఒక్కటే వినిపిస్తుంది. బొమ్మకు జతచేసే ప్రత్యామ్నాయ పాఠంలో 130 గడులూ రాయొచ్చు కదా అంటారు కొందరు. అది క్యాసెట్ లాంటిది, కావలసిన గడి వచ్చేదాకా మొదటి నుంచీ వినాలి. అదే హెచ్‌టీఎమ్‌ఎల్‌లో నిజమైన పట్టికగా రాసి, శీర్షిక గడులను శీర్షికలని కోడ్‌లో సూచిస్తే కథ మారిపోతుంది. చూపులేని ప్రోగ్రామర్ మైకేల్ కరన్ 2006లో ఆస్ట్రేలియాలో మొదలుపెట్టిన ఉచిత స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏలో కంట్రోల్, ఆల్ట్ మీటలతో బాణం మీట నొక్కితే పక్క గడికి వెళ్లొచ్చు. వరుస మారినప్పుడల్లా దాని శీర్షికను అదే చదివి చెబుతుంది.

ఇక్కడా ఒక గోతి ఉంది. కీబోర్డు మీది అడ్డగీతను కొన్ని సెట్టింగుల్లో స్క్రీన్ రీడర్ పలకకుండా దాటేస్తుంది. మైనస్ 4 కాస్తా 4 అయితే ఓడాల్సిన పోరు గెలిచేస్తారు. కాబట్టి యూనికోడ్‌లో విడిగా ఉన్న మైనస్ గుర్తు వాడాలి, లేదా శీర్షికలో ‘మైనస్ 4 నుంచి మైనస్ 3’ అని మాటల్లోనే రాయాలి. రెండోదే నాకు నచ్చుతుంది, ఏ సెట్టింగ్‌లోనైనా అది వినిపిస్తుంది.

యాదృచ్ఛిక అంకెల పట్టికకు ఈ తంటా ఏదీ వద్దు. కళ్లు మూసుకుని పెన్సిల్ మోపి, దాని కింద పడిన అంకె తీసుకోవడమే అక్కడి నియమం. నూరు అంకెలనూ చదివి వినిపిస్తే ఎవరికీ ఉపయోగం లేదు, కావలసింది ఒక్క అంకె. నొక్కితే 0 నుంచి 9 లోపు ఏదో ఒకటి చెప్పే బటన్ చాలు. బొమ్మ కూడా పక్కనే ఉండనివ్వండి, పెన్సిల్ సరదా కావలసినవారు ప్రింటు తీసుకుంటారు. ఆయుధాలు, భోజనాలు, బంగారు నాణేలు రాసుకునే ఆటగాడి పత్రం మాత్రం చదవడానికి కాదు, నింపడానికి. పేరుపెట్టిన పెట్టెలున్న ఫారంగానో, సాదా టెక్స్ట్ ఫైలుగానో ఇవ్వాలి.

లోన్ వుల్ఫ్ తిరిగే లోకం పటం మాత్రం బొమ్మగానే ఉండాలి. ఏ ఊరికి ఏ దిక్కున ఏముందో దాని కింద నాలుగు వాక్యాల్లో రాస్తే, దారి ఎంచుకోవడానికి అవి సరిపోతాయి.